పుక్కిట నీళ్ళు

చీటీ తీసింది ఊరి పెద్దే అయినా, తిట్లు మాత్రం ఆయన చెయ్యి పెట్టిన అన్నం కుండకు పడ్డాయి. ఏటికి ఇటుపక్క ఉప్పు ఒడ్డు, అటుపక్క చర్చి ఒడ్డు. మధ్యన వెదురు వంతెన ఉంది. దాని మీద ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి నడవాల్సిందే. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అరసెలీ మేడమ్ ఆ రోజు అందరికీ అర్థమయ్యేలాగే చెప్పింది. చిన్నపిల్లలున్న ఇళ్ళకు ఒక మనిషి వారం వారం వెళ్ళి, తల్లి పక్కన కూర్చుని, కొట్టకుండా పెంచడం ఎలాగో మాట్లాడి వస్తే నిజంగా మార్పు వస్తుందా అన్నది తేల్చాలి. అది తేలాలంటే ఒక ఒడ్డుకు మనిషి వెళ్ళాలి, రెండో ఒడ్డుకు వెళ్ళకూడదు. ఎవరికి అన్నది ఆవిడ ఇష్టం కాదు, చీటీ ఇష్టం. చీటీకి చర్చి ఒడ్డు నచ్చింది. ఉప్పు ఒడ్డుకు ఇంటికో సబ్బు, ఇంటికో గోడబొమ్మ ఇచ్చారు.

సబ్బులు ఎప్పుడో అరిగిపోయాయి. గోడబొమ్మలో కారు పక్కన నిలబడి నవ్వే అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ మాత్రం రూబిలిన్ ఇంట్లో మంచి పనికే వచ్చారు. గోడ రేకుకు చిల్లు పడిన చోట ఆమె వాళ్ళను అతికించింది. వాన ఎంత కొట్టినా వాళ్ళు నవ్వుతూనే ఉండేవాళ్ళు.

ఆ రోజు గుంపులో అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది ఈ రూబిలినే. మొగుడు ట్యూనా పడవ మీద పని, ఎక్కితే వారాల తరబడి దిగడు. ఇంట్లో తనూ, రెండేళ్ళ కూతురు లిరియో. చిన్నప్పుడు మారుతండ్రి చేతి దెబ్బలు తిని పెరిగిన పిల్ల రూబిలిన్. ఆయన రక్తం తనలో చుక్క కూడా లేదు గానీ, ఆయన చెయ్యి మాత్రం ఎలా వచ్చిందో వచ్చింది. అన్నం ఒలికినా, కుండ పగిలినా, ఆ చెయ్యి తనకంటే ముందే లేచేది. లిరియో ఏడ్చినా బాగుండేది. ఏడ్చేది కాదు. తల్లి ముఖం మారడం చూస్తే చాలు, చప్పుడు లేకుండా వెదురు బల్ల కింద దూరేది. ఒకసారి అలా దూరి, పిలిచినా రాలేదు. రూబిలిన్ వంగి చూస్తే ఆ చీకట్లో రెండు కళ్ళు కనిపించాయి. ఆ కళ్ళు ఆమెకు తెలిసినవే. ఒకప్పుడు అవి తన ముఖంలో ఉండేవి.

అందుకే ఆమెకు ఆ మనిషి కావాలనిపించింది. చర్చి ఒడ్డుకు వచ్చే మనిషి పేరు మానాంగ్ ఫ్రేసింగ్. ఊళ్ళో పెద్దావిణ్ణి ఎవరైనా మానాంగ్ అనే అంటారు, అక్కా అన్నట్టు. ఆవిడ ప్రతి ఇంటి గేటు దగ్గరా నిలబడి "ఆయో!" అని, ఇంట్లో ఎవరున్నారన్నట్టు, కేక వేస్తుందట. ఇంట్లో వాళ్ళు "దాయోన్!" అనేదాకా, అంటే లోపలికి రమ్మనేదాకా, గడప తొక్కదట. ఉప్పు ఒడ్డున అలాంటి మర్యాద ఎవరికుంది? అప్పుకు వచ్చేవాళ్ళూ నిప్పుకు వచ్చేవాళ్ళూ తిన్నగా వంటింట్లోకే వచ్చేస్తారు. తన గుమ్మం ముందు ఒక మనిషి పని గట్టుకుని వచ్చి, పిలిచి, తన జవాబు కోసం ఆగడం రూబిలిన్ ఎరగదు. ఒక్కోసారి చేపలు కడుగుతూ "దాయోన్" అని తనలో తనే అనుకుని చూసుకునేది. ఎవరూ వినలేదని తెలిశాక సిగ్గుపడేది.

మానాంగ్ ఫ్రేసింగ్‌కు నియమం అంటే నియమమే. మేడమ్ వంతెన దాటొద్దంది, ఆవిడ దాటలేదు. తన ధర్మపుత్రికకు చర్చిలో బాప్తిస్మం అయ్యాక విందు ఉప్పు ఒడ్డున జరిగింది. ఆవిడ చర్చి ఒడ్డునే, వంతెన మొదట్లో నిలబడింది. "ఒక్క అడుగు వెయ్యవే, మేడమ్ ఏమన్నా దుర్భిణీ పెట్టి చూస్తోందా?" అని జనం ఎంత ఏడిపించినా కదల్లేదు. చివరికి కాల్చిన పంది ముక్కల్ని అరిటాకులో చుట్టి వంతెన మీదుగా పంపారు. అక్కడే నిలబడి తిని, చేతులు ఏట్లో కడుక్కుని వెళ్ళింది.

నియమం పాపం ఆవిణ్ణి ఆపింది గానీ, ఆడవాళ్ళ నోళ్ళను ఎవరు ఆపుతారు? ఏటి పైన ఊట దగ్గర రెండు ఒడ్ల బట్టలూ ఒకే బండ మీద పడతాయి. ఆ బండ సంగతి చదువుకున్న వాళ్ళెవరికీ తట్టలేదు.

చర్చి ఒడ్డు జెమ్మా, రూబిలిన్ పక్కపక్కనే కూర్చుని ఉతికేవాళ్ళు.

"మొన్న మా మానాంగ్ ఏం చెప్పిందో తెలుసా?" అంది జెమ్మా ఒక రోజు, మొగుడి లాగు పిండుతూ. "కోపం వచ్చిందనుకో, ముందు ఒక కప్పు నీళ్ళు తీసుకుని పుక్కిట పట్టాలట. మింగకూడదు, ఉమ్మకూడదు. నోట్లో నీళ్ళు వెచ్చబడేదాకా అలాగే ఉండాలట."

"ఉంటే?"

"నోటి నిండా నీళ్ళుంటే ఎలా తిడతావే?"

"నోరు సరే, చెయ్యి ఊరుకుంటుందా?"

"నేనూ అదే అడిగా. చేతిలో కప్పుంటే చెప్పు ఎలా పట్టుకుంటావ్ అంది!"

ఇద్దరూ బండ మీద పడీ పడీ నవ్వారు. కానీ ఇంటికి వెళ్తూ రూబిలిన్ నవ్వలేదు. ఆ సాయంత్రమే లిరియో ఎండు చేపల బుట్టను ఇసుకలో బోర్లించింది. రూబిలిన్ చెయ్యి చెప్పు వైపు పోయింది. పోయి, సగంలో తిరిగి, కుండ మీది రేకు కప్పును అందుకుంది. బుగ్గలు ఉబ్బించుకుని, ముక్కుతో బుసలు కొడుతూ, ఇంటి మధ్యలో బొమ్మలా నిలబడింది. బల్ల కిందికి దూరిన లిరియో దెబ్బ ఎంతకీ పడకపోయేసరికి తల బయటికి పెట్టి చూసింది. చాలాసేపు చూసి, తన బుగ్గలు కూడా ఉబ్బించింది.

అలా మొదలైంది. జెమ్మా ఒక్కో వారం ఒక్కో పాఠం బట్టలతో పాటు బండ మీదికి తెచ్చేది. పిల్లతో రోజూ కాసేపు పిల్ల చెప్పిన ఆటే ఆడమంది. తప్పుకు ముందు హెచ్చరిక, తర్వాత చిన్న శిక్ష, దెబ్బ లేదంది. రూబిలిన్ విన్నదంతా ఒడ్డున పంచిపెట్టింది. ఇచ్చుకోవడానికి ఆమె దగ్గర ఇంకేం లేదు మరి. పుక్కిట నీళ్ళు ఇంటింటికీ పాకాయి. పాకుతూ పాకుతూ కాస్త మారాయి కూడా. కిరాణా కొట్టు లోలా ఇస్కా ఒడ్డు మొత్తానికీ అమ్మమ్మ లెక్క, ఆవిడ ఒక సవరణ చేసింది.

"కోపం కలిసిన నీళ్ళే అవి! మింగితే చనుబాలు పులిసిపోవూ? చెట్టుకు పొయ్యండి."

దాంతో ఉప్పు ఒడ్డున ప్రతి గుమ్మం పక్కనా రంగు డబ్బాలో ఒక చిన్న నిమ్మమొక్క వెలిసింది. మొగుళ్ళు పడవ దిగి వచ్చేసరికి పెళ్ళాలు బుగ్గలు ఉబ్బించుకుని ఎదురొచ్చేవాళ్ళు. మాట లేదు, పలుకు లేదు. మగవాళ్ళకు పాత తిట్లే నయమనిపించింది. నిమ్మమొక్కలు మాత్రం ఎవరికీ మొహమాటపడకుండా కాశాయి.

లిరియోకు నాలుగేళ్ళు నిండాయి. రూబిలిన్‌కు మళ్ళీ నెల తప్పింది. సంతోషం వెనకాలే భయమూ వచ్చింది. ఒక్క పిల్లకే ఇన్ని నీళ్ళు పట్టాయి, ఇద్దరైతే? నిద్ర లేక, ఒళ్ళు సలుపుతూ, చంటివాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ పాత చెయ్యి లేవదని నమ్మకమేమిటి? బండ మీది ముచ్చట్లు ఇక చాలవనిపించింది. ఎదురుగా కూర్చుని తన భయాన్ని వినే మనిషి కావాలి.

అప్పుడే జెమ్మా ఒక కబురు తెచ్చింది. అధ్యయనం ముగింపుకు వచ్చిందట. రెండు ఒడ్లకూ ప్రశ్నలు అడిగే వాళ్ళు వస్తారట. తేడా కనిపిస్తే వచ్చే ఏడు ఉప్పు ఒడ్డుకూ మనిషిని పంపుతారట. రెండు ఒడ్లూ ఒకేలా తేలితే ఇళ్ళకు తిరగడం దండగ అని మొత్తం మూసేస్తారట. మానాంగ్ ఫ్రేసింగ్ ఆ మాట చెబుతూ నిట్టూర్చిందట.

ఆ నిట్టూర్పు లోలా ఇస్కా కొట్టుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. కొట్టు ముందు ఒడ్డంతా కూడింది.

"ఒకేలానే తేలుతుంది కదా మరి! మనమూ కొట్టడం మానేశాంగా," అంది ఒకామె బిక్కముఖం వేసుకుని.

"అదే కొంప ముంచేట్టుంది," అంది లోలా ఇస్కా. "వాళ్ళ చదువు తెచ్చుకుని మనం బాగుపడి, వాళ్ళ చదువే ఊడగొడతామా? సిగ్గుండాలి. అందుకని అందరూ వినండి. అడిగితే, పిల్లల్ని కొడతాం అని చెప్పండి."

"అబద్ధమా!"

"ఎవరి నోటి దగ్గర కూడూ లాక్కోని అబద్ధం. దేవుడు అటు తిరిగి కూర్చుంటాడులే."

"అలా అంటే సర్కారు వాళ్ళు పిల్లల్ని తీసుకుపోతే?"

"పేర్లు రాయరట. సరే, నేనే అడుగుతా, చెప్పండి. పిల్లని కొడతావా?"

"కొడతానండీ..."

"చర్చిలో పాట పాడినట్టు దీర్ఘాలు తియ్యకే! దేనితో?"

"నేను ఎప్పుడూ కొట్టందాన్ని, నాకేం తెలుసు లోలా?"

"చెప్పుతో అని చెప్పు. ఏ చెప్పంటే ఎడమ చెప్పు అను. అన్నీ నేనే నేర్పాలి."

అందరూ నవ్వారు. రూబిలిన్ మాత్రం పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఈ అబద్ధంతో అందరికంటే ఎక్కువ లాభం తనకే. అయినా తన బతుకులో తను గెలిచింది ఒకే ఒక్కటి. దాన్నే లేదని చెప్పాలి.

ప్రశ్నలు అడిగేవాళ్ళు వచ్చి ఉప్పు ఒడ్డంతా తిరిగారు. చివరికి రూబిలిన్ ఇల్లు మిగిలింది. ఆ ఇంటికి ఏ కుర్ర ఉద్యోగో కాకుండా అరసెలీ మేడమే వచ్చింది. రూబిలిన్ గుమ్మంలోనే కూర్చుని చేపలు బాగుచేస్తోంది కాబట్టి పిలవాల్సిన పని లేకపోయింది. మేడమ్ వెదురు బల్ల మీద కూర్చుంది. లిరియో మూల కూర్చుని గవ్వలకు పెళ్ళి చేస్తోంది.

"పాపని కొడతావా, ఇందాయ్?" అంది మేడమ్ మెల్లగా. ఇందాయ్ అంటే అమ్మాయీ అన్నట్టే.

"కొడతానండి."

"దేనితో?"

"చెప్పుతో."

"ఎడమ చెప్పా?"

రూబిలిన్ తలెత్తింది. మేడమ్ ముఖంలో కోపం లేదు.

"ఈ ఒడ్డున అందరూ ఎడమ చెప్పే అంటున్నారు. కుడి చెప్పుతో కొట్టే తల్లి ఒక్కరూ దొరకలేదు. అందుకే నేనే వచ్చాను," అంది. "చివరిసారి ఎప్పుడు కొట్టావు?"

"నిన్న..."

"ఎందుకు?"

రూబిలిన్ నోరు తెరిచింది. ‘ఎందుకు’ అన్నదానికి జవాబు లోలా ఇస్కా నేర్పలేదు. కన్న కూతురు వింటుండగా, ఆ పిల్ల చెయ్యని తప్పును, తను కొట్టని దెబ్బను ఎలా కల్పించాలి? ముఖంలోకి రక్తం పొంగింది, దవడ బిగుసుకుంది. ఆ కోపం తన మీద తనకే. కానీ ముఖానికి ఆ తేడా తెలియదు.

మూల నుంచి లిరియో ఆ ముఖాన్ని చూసింది. గవ్వలు వదిలేసి లేచింది. బల్ల వైపు నడిచింది. మళ్ళీ బల్ల కిందికే వెళ్తోంది, రెండేళ్ళూ వృథా అయిపోయాయి అనుకుంది రూబిలిన్.

లిరియో బల్ల దాటేసింది. నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి, మునికాళ్ళ మీద లేచి, రేకు కప్పు ముంచింది. రెండు చేతులా పట్టుకుని, సగం నీళ్ళు దారి పొడుగునా ఒలకబోస్తూ, ఎర్రబడ్డ తల్లి ముఖం వైపు తిన్నగా నడిచి వచ్చింది.

"నానాయ్, బుగ్గలో పోసుకో," అంది. అమ్మా అని ముద్దుగా.

రూబిలిన్ పుక్కిట పట్టింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే, నోట్లో నీళ్ళు పట్టుకుని, కూతుర్ని చూస్తూ కూర్చుంది. లిరియో తనూ బుగ్గలు ఉబ్బించి తోడుగా నిలబడింది. కాసేపటికి తల్లి చెయ్యి పట్టి గుమ్మం పక్కకు లాక్కెళ్ళింది. నిమ్మమొక్కకు ఆ వంతూ దక్కింది.

మేడమ్ జవాబులు రాసుకునే పలకను ఎప్పుడో పక్కన పెట్టేసింది. ఇప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"కొట్టే చేతి దగ్గరికి ఏ పిల్లా నీళ్ళు పట్టుకుని నడిచి రాదు, ఇందాయ్," అంది. "ఎవరు నేర్పారు నీకిది?"

రూబిలిన్ ఇక దాచలేదు. బండ సంగతి, జెమ్మా సంగతి, లోలా ఇస్కా సవరణ, ఎడమ చెప్పు కుట్ర, అన్నీ ఏకబిగిన చెప్పేసింది. మేడమ్ వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ బల్ల అంచు పట్టుకుంది.

"రెండు ఒడ్ల మధ్య ఏరుంది చాలనుకున్నాను! ఏటిలోనే మీరు బట్టలుతుక్కుంటారని ఒక్కసారి కూడా అనుకోలేదు."

"అయితే రాయకండి మేడమ్. కొడుతుందనే రాసుకోండి. లేకపోతే మానాంగ్ రాదు."

మేడమ్ నవ్వు ఆపింది. రూబిలిన్ తడి చేతిని తన చేతిలోకి తీసుకుంది.

"అబద్ధం రాయలేను. ఇది చూసి రేపు ఇంకో ఊళ్ళో ఇంకో తల్లికి ఏం ఇవ్వాలో నిర్ణయిస్తారు. రెండు ఒడ్లూ ఒకటే అని రాస్తాను. ఎందుకు ఒకటయ్యాయో కూడా రాస్తాను. మొదట్లో మీరందరూ ఇచ్చిన జవాబులు నా దగ్గరే ఉన్నాయి, అప్పటికీ ఇప్పటికీ ఎంత మారారో రాస్తాను. ఆ పైన ఏమంటారో నాకు తెలియదు. తెలుసని నీకు చెప్పను."

రూబిలిన్‌కు ఆ జవాబు నచ్చలేదు. ఆవిడ మాత్రం నచ్చింది.

మేడమ్ వంతెన ఎక్కీ ఎక్కకముందే లోలా ఇస్కా ఊడిపడింది. సంగతి అప్పటికే తెలిసిపోయినట్టుంది. వస్తూనే రూబిలిన్ ఎదురుగా నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, కళ్ళెర్రజేసి చూసింది. ఒక్క తిట్టూ రాలేదు. ముసలావిడ బుగ్గలు రెండూ బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. అలాగే చూసి చూసి, వెళ్ళి రూబిలిన్ నిమ్మమొక్క మొదట్లో ఉమ్మి, మూతి తుడుచుకుంది.

"నిజం చెప్పేముందు నన్నొక మాట అడగొచ్చుగా," అని మాత్రం గొణిగి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నెలలు గడిచాయి. ఒడ్డున కొందరు రూబిలిన్‌తో ముభావంగా ఉన్నారు, కొందరు ఎప్పటిలా అప్పుకు వచ్చారు. ఆమెకు కొడుకు పుట్టాడు. వాడి ఏడుపు చర్చి ఒడ్డుకు వినిపించేది. మొగుడు వచ్చి, కొడుకును చూసి మురిసి, మళ్ళీ పడవెక్కాడు. చెయ్యి లేవబోయిన రోజులున్నాయి. కప్పు అందిన రోజులే అన్నీ. అయినా ప్రతి పొద్దునా ఈ పూట ఎలా గడుస్తుందో అన్న భయంతోనే లేచేది.

పై వాళ్ళు ఏమన్నారో ఊట బండ మీదికి ముక్కలు ముక్కలుగా వచ్చింది. మేడమ్ చాలా పోట్లాడిందట. ఈసారి అధ్యయనానికి మధ్యన సముద్రం ఉన్న రెండు దీవుల్ని చూస్తున్నారట. అది విని ఆడవాళ్ళు బట్టలు వదిలేసి నవ్వారు. దీవుల మధ్య పడవలు తిరగవా, పడవల్లో ఆడవాళ్ళు ఎక్కరా అని. ఇక్కడ మాత్రం ఇక రెండు ఒడ్లను విడదీసి పెట్టే పనేమీ లేదన్నారట. మానాంగ్ రెండు ఒడ్లకూ తిరగడానికి ఒక ఏడాదికి అనుమతి వచ్చిందని ఒకరూ, రాలేదని ఒకరూ చెప్పారు. రూబిలిన్ వినడం మానేసింది.

ఒక ఉదయం చంటివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. తమ్ముడికి సాయం చేద్దామని లిరియో పాలపొడి డబ్బా దించింది. దించి, మూత తీసి, డబ్బా మొత్తం ఉతికిన బట్టల మూట మీద గుమ్మరించింది. రూబిలిన్ చూసింది. కప్పు అందుకుంది. బుగ్గలు ఉబ్బించుకుని, ఒక చేత్తో చంటివాణ్ణి భుజాన వేసుకుని, ఇంటి మధ్యలో నిలబడిపోయింది.

ఆ సమయంలోనే వెదురు వంతెన కిర్రుమంది. దాని మీద అడుగు పెట్టిన మనిషికి అలవాటు లేదని చప్పుడే చెబుతోంది. అడుగులు ఇసుకలో దగ్గరయ్యాయి, గుమ్మం బయట నిమ్మమొక్క పక్కన ఆగాయి.

"ఆయో!"

రూబిలిన్ కళ్ళు పెద్దవయ్యాయి. ఇన్నేళ్ళుగా చేపలు కడుగుతూ, బట్టలు ఆరేస్తూ సాధన చేసిన ఆ ఒక్క జవాబూ నోటి దాకా వచ్చింది. నోట్లో చోటు లేదు. మింగితే పాలు పులుస్తాయి. ఉమ్ముదామంటే మొక్క బయట ఉంది, మొక్క దగ్గర మానాంగ్ ఫ్రేసింగ్ ఉంది. బయట ఆవిడ గడప తొక్కకుండా, జవాబు కోసం ఓపిగ్గా నిలబడింది.

లిరియో తల్లి ముఖం వంక చూసింది. పాలపొడి చేతులు గౌనుకు తుడుచుకుని గుమ్మంలోకి పరిగెత్తింది.

"దాయోన్!" అంది గొంతెత్తి. "మా అమ్మ నోట్లో నీళ్ళున్నాయి. నువ్వు లోపలికి రా."